చింపని పేజీ

మా ముందు గదిలో అద్దెకుండిన కెమిస్ట్రీ మేడమ్ పోయిన నెలలో నెల్లూరు ఆస్పత్రిలో చనిపోయారు. కబురు వచ్చినప్పుడు నేను ఏడో సీసా చూస్తున్నాను. ప్రతి సోమవారం ఊళ్ళో పదకొండు చోట్ల నీళ్ళు పట్టి, మేడమ్ తయారుచేసిన పొడి కలిపి, చిన్న గాజు సీసాల్లో పోసి వెచ్చగా ఉంచుతాం. మంగళవారం పొద్దున వాటిని నల్లగుడ్డ కింద పెట్టి ఊదారంగు టార్చి వేసి చూస్తాం. నీళ్ళలో మలం తాలూకు క్రిములు ఉంటే ఆ సీసా నీలంగా వెలుగుతుంది. ఆ మంగళవారం ఫోను చేసింది కోవూరులో ఉండే మేడమ్ తమ్ముడు. "అక్క తెల్లవారుజామున పోయిందమ్మా" అన్నారు.

ఫోను కింద పెట్టి మళ్ళీ గుడ్డ కిందికి తల దూర్చాను. ఏడోదీ, మిగిలినవీ చూసి, రాసి, అప్పుడు లేచాను. ఏడుపు కూడా అప్పుడే వచ్చింది. మా వీధిలో చాలామందికి ఇది నచ్చలేదు. చావు కబురు విని కూడా సీసాల్లో మొహం పెట్టుకొని కూర్చుందని రెండు రోజులు చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి. టైము దాటితే క్రిములు మన కోసం ఆగవు. వెలగకూడని సీసా కూడా మెల్లగా వెలుగుతుంది. ఆ పొద్దు ఆపేసి పరుగెత్తి ఉంటే పదకొండు చోట్ల నీళ్ళ సంగతి ఆ వారానికి తెలిసేది కాదు. మేడమ్ దాన్ని నా ప్రేమ అనుకునేవారు కాదు, బద్ధకం అనుకునేవారు.

ఆమె మా ఊళ్ళో రెండేళ్ళకు పైగా ఉన్నారు. నీళ్ళ మేడమ్ అన్నారు, సీసాల మేడమ్ అన్నారు, పిచ్చి మేడమ్ అని కూడా అన్నారు. అన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు, చదవలేనివాళ్ళు చదివించుకుంటారు. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ రెండేళ్ళ రీడింగుల్లో ఎక్కువ భాగం నా చేతిరాతలో ఉన్నాయి. నేను బడికి పోయింది అయిదో తరగతి దాకా. మేడమ్ పోయాక ఆ రీడింగులు నిలుస్తాయా, పనికిరావని పక్కన పడేస్తారా అన్న ప్రశ్న వచ్చింది. పడేస్తే మేడమ్ చివరి పని మొత్తం పోతుంది. అది ఎలా తేలిందో కూడా చెబుతాను.

మాది మైపాడుకు దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన పడవ మీద వేటకు పోతాడు. మా అత్త చేపల గంపలు ఆటోలో వేసుకొని నెల్లూరు పోయి అమ్ముతుంది. నేను ఇంటి దగ్గర వలలు బాగుచేస్తాను. నలుగురిలోకి పోయి మాట్లాడడం నాకు చేతకాదు. మేడమ్ వచ్చిన రోజు కూడా తలుపు వెనక నిలబడే చూశాను. బట్టలు ఒక సంచిలో పట్టాయి. గాజు సామాను మాత్రం ఆరు పెట్టెలు దిగింది.

మా అత్త అడిగింది. "ఇంతకీ మీరు ఏం జేస్తారమ్మా?"

"నీళ్ళకు పరీక్ష చేస్తానమ్మా."

"నీళ్ళేమన్నా పదో తరగతా, పరీక్ష పెట్టేదానికి?"

మేడమ్ నవ్వలేదు. "అలాగే అనుకోండి. మీ ఊరి నీళ్ళు ఫెయిలయినట్టు ఎవరూ చెప్పలేదు. పాసయినట్టు కూడా ఎవరూ చెప్పలేదు" అన్నారు. మా అత్తకు ఎదురు సమాధానం చెప్పినవాళ్ళు మా వీధిలో లేరు. ఆమె గంప దించి, మేడమ్‌ను కిందనించి పైదాకా చూసి, "మాట తెలుసు ఈమెకి" అని లోపలికి పోయింది.

ఒక మధ్యాహ్నం నేను గడపలో కూర్చొని వల బాగుచేస్తుంటే మేడమ్ పీట తెచ్చుకొని పక్కన కూర్చున్నారు. తెగిన చోటు వేలితో చూపించి, "ఇక్కడ ఏం కొరికింది?" అని అడిగారు.

"పీత మేడమ్."

"చేప అయి ఉండొచ్చు కదా."

"చేపయితే పోగు పీలికలు పీలికలుగా ఉంటాది. పీత డెక్కతో కత్తిరిస్తాది. నున్నగా ఉంటాది."

ఆమె మొహం వెలిగిపోయింది. అంత సంతోషం దేనికో నాకు అర్థం కాలేదు. "తెగిన చోటు చూసి తెంపినదాన్ని చెప్పేశావు. ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నదీ అదే" అన్నారు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. ఒక రకం చక్కెరకు ఒక రంగును ముడి వేస్తారు. ముడి ఉన్నంతసేపు రంగు చీకటిగా ఉంటుంది. మలంలో ఉండే ఒక క్రిమి దగ్గర ఎంజైము అనే కత్తెర ఉంటుంది, అది ఆ ముడిని తెంపుతుంది. తెగిన రంగు ఊదా దీపం కింద వెలుగుతుంది. క్రిమి కంటికి కనపడనక్కర్లేదు, ముడి తెగిందంటే అది వచ్చినట్టే. ఆ ముడి వేసిన పొడిని ఆమె సబ్‌స్ట్రేట్ అనేవారు. మేము పొడి అనే అనేవాళ్ళం.

మంచినీళ్ళలో ఆ పొడి ఎప్పుడో బాగా పనిచేసింది. ఉప్పునీళ్ళలో తడబడింది. సముద్రపు నీళ్ళలో ఉండే వేరే క్రిములు కూడా ఆ ముడిని తెంపేవి. మేడమ్ ఆ ముడిని మార్చి మార్చి, ఉద్యోగం అయిపోయే నాటికి కొత్త పొడి ఒకటి తయారుచేశారు. నగరంలో ల్యాబులోనే నీళ్ళలో ఉప్పు కలిపి చూస్తే చాలని తోటివాళ్ళు అన్నారట. "ఉప్పు కలిపితే సముద్రం వస్తుందా?" అని ఆమె ఇక్కడికి వచ్చేశారు. మా ఊరికి ఒక పక్క సముద్రం, ఒక పక్క రొయ్యల గుంటలు, మధ్యలో కాలువ. బోరు నీళ్ళు కూడా కాస్త ఉప్పగానే ఉంటాయి. ఆమెకు కావలసింది అదే.

మొదట్లో నా పని సీసాలు కడగడం, నీళ్ళు పట్టుకొని రావడం. సీసాలు చూసేది మేడమే. ఆరు నెలలు గడిచేసరికి ఆమె కళ్ళలో శుక్లాలు ముదిరాయి. షుగరు తగ్గందే ఆపరేషను చెయ్యలేమన్నారు డాక్టర్లు. శుక్లం కమ్మిన కంటికి లేత నీలం కనపడదట. ఒకరోజు వెలుగుతున్న సీసాను వెలగలేదని రాయబోయి, నా మొహం చూసి ఆగారు. "నీకేం కనపడుతోంది?" అన్నారు. నేను నేల చూశాను. "నేల మీద రాసి లేదు. చెప్పు" అన్నారు. "నీలంగా ఉంది మేడమ్" అన్నాను. ఆ రోజునుంచి నాకు చూడడం నేర్పారు.

చేపలకు వాడే థర్మాకోల్ పెట్టెకు లోపలంతా నల్లరంగు వేసి, పైన నల్లగుడ్డ కప్పి, పట్టపగలు కూడా చీకటి ఉండేలా చేసుకున్నాం. నెల రోజులు నన్ను పరీక్షించారు. సీసాల నంబర్ల మీద కాగితం అంటించి, వరస కలిపేసి, ఒక్కోదాన్ని మూడు సార్లు చూపించేవారు. మూడు మాటలే రాయాలి. వెలిగింది, వెలగలేదు, చెప్పలేను. చెప్పలేను అని రాయడానికి నాకు సిగ్గుగా ఉండేది. "అది రాయలేనివాళ్ళు మిగతా రెండూ రాసినా నేను నమ్మను" అన్నారు. నేను చూస్తున్నంతసేపు ఆమె గోడవైపు తిరిగి కూర్చునేవారు. ఎందుకని అడిగితే, "నాకు ఏం కావాలో నా మొహం మీద ఉంటుంది. నువ్వది చూసి రాస్తావు" అన్నారు. ఎవరు చూశారో వాళ్ళే సంతకం పెట్టాలి. అప్పటిదాకా నేను సంతకం పెట్టింది రేషను షాపులో మాత్రమే.

పన్నెండో సీసాను సాక్షి అనేవాళ్ళం. అందులో కాచి చల్లార్చిన మంచి నీళ్ళు ఉంటాయి. అది ఎప్పుడూ వెలగకూడదు. సాక్షి వెలిగితే ఆ రోజు పరీక్ష మొత్తం పనికిరాదు.

ఆమె అలవాట్లు మా వీధిలో అందరికీ తెలుసు. పెరుగన్నం నిలబడే తినేవారు. కలం కొప్పులో దోపి ఇల్లంతా వెతికేవారు. మంగళవారం మాత్రం ముదురు రంగు చీరే కట్టేవారు, నన్ను కూడా తెల్లబట్టతో ఆ గదిలోకి రావద్దన్నారు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

తుపాను వచ్చి మూడు రోజులు కరెంటు పోయిన వారం నాకు బాగా గుర్తుంది. సోమవారం సీసాలు నింపేశాం. వెచ్చపెట్టే పెట్టె కరెంటుది. మేడమ్ కాసేపు గదిలో అటూ ఇటూ నడిచి, మా అత్త నడుముకు కట్టుకున్న వక్కాకు సంచి వైపు చూశారు.

"అమ్మా, మనిషి ఒళ్ళు ఎంత వెచ్చన ఉంటుందో సరిగ్గా అంత వెచ్చన కావాలి నాకు."

మా అత్తకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే, దొడ్డికి పొయ్యేదాంట్లో ఉండే పురుగుల్ని నా నడుం మీద పెంచమంటారా?"

"మూతలు గట్టిగా ఉన్నాయి."

"మూత సంగతి గాదమ్మా నేను అడిగేది."

అయినా కట్టుకుంది. నా నడుము సన్నం, చాలదట. వక్కాకు తీసేసి, సీసాల మధ్య ఉష్ణోగ్రత చూసే గొట్టం పెట్టి, సంచి బిగించి కట్టాం. మర్నాటి పొద్దున దాకా ఆమె ఒక పక్కకే తిరిగి పడుకుంది. పక్కింటామె వచ్చి ఏందక్కా అట్ట పడుకోనుండావు అంటే, "నిండు చూలాలిని, కదలగూడదు" అంది. మర్నాడు పుస్తకంలో వెచ్చపెట్టిన విధానం అనే గడిలో ఏం రాయాలని మేడమ్‌ను అడిగాను. "ఏం జరిగిందో అది" అన్నారు. "మా అత్త నడుము" అని రాశాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా మేడమ్ గురించి ఎంత రాసినా లాభం లేదు.

సీసాలు కడగడానికి మేడమ్ ఒక ద్రావకం ఇచ్చేవారు. ఒక వేసవిలో అది అయిపోయింది. ఆమె రెండు రోజుల పనిమీద నెల్లూరు వెళ్ళారు. వచ్చేసరికి సీసాలు తళతళలాడాలని, మా ఆయన తెల్లచొక్కాలు ఉతికే సబ్బుపొడితో కడిగాను. ఉతికిన తెల్ల తువ్వాలుతో తుడిచాను. సోమవారం నీళ్ళు నింపాను. మంగళవారం గుడ్డ కిందికి తల పెట్టి చూస్తే పన్నెండూ వెలుగుతున్నాయి. సాక్షి కూడా.

నేనేదో పాడుచేశానని తెలిసింది, ఏం పాడుచేశానో తెలియలేదు. మేడమ్ ఇంకెప్పుడూ నన్ను సీసాలు ముట్టుకోనివ్వరని భయం వేసింది. పదకొండు గడుల్లో వెలిగింది అని రాశాను. సాక్షి గడిలో వెలగలేదు అని రాశాను. సంతకం పెట్టాను. సీసాలు పారబోశాను.

మేడమ్ మధ్యాహ్నం బస్సు దిగి, పుస్తకం చూసి, చెప్పులు కూడా విడవకుండా ప్రెసిడెంటు ఇంటికి పోయారు. ఊరి ట్యాంకు మూయించారు. రెండు రోజులు ఆడవాళ్ళు అవతలి ఊరి కుళాయి నించి ఎండలో నీళ్ళు మోశారు. రెండో రోజు మా ఎదురింటి పిల్ల, ఏడో నెల, రెండు బిందెలతో పోతూ మా అరుగు మీద కూర్చుండిపోయింది. నేను లోపలికి పోయి మేడమ్‌కు చెప్పేశాను.

ఆమె ఒక్క మాట అడిగారు. "సబ్బుపొడితో కడిగావా?"

చిటికెడు సబ్బుపొడి నీళ్ళలో వేసి టార్చి వేశారు. గ్లాసంతా నీలం. తువ్వాలు మీద వేశారు. అదీ నీలమే. బట్టలు తెల్లగా కనపడాలని సబ్బుపొడిలో వెలిగే మందు కలుపుతారట. తెల్లబట్ట వద్దన్నది అందుకే. "వద్దని చెప్పాను, ఎందుకో చెప్పలేదు. ఆ తప్పు నాది. సాక్షి గడిలో రాసింది నీది" అన్నారు. రెంటినీ కలిపెయ్యలేదు.

నేను ఆ పేజీ చింపబోయాను. నా చెయ్యి పట్టుకొని ఆపారు. "చింపకూడదు. ఒక్క గీత కొట్టు, కింద అక్షరాలు కనపడాలి. పక్కన ఏం చేశావో, ఎందుకు చేశావో రాయి." రాశాను. భయపడి అబద్ధం రాశానని రాసి సంతకం పెట్టాను. అంత బరువైన సంతకం నేను మళ్ళీ పెట్టలేదు.

ఆ తర్వాత ఆమె కుళాయి దగ్గరికి పోయి నిలబడ్డారు. "పరీక్ష మేమే తప్పు చేశాం. నీళ్ళు వాడుకోండి" అన్నారు. ఈ పిల్ల తప్పు చేసిందని అనలేదు. ఆడవాళ్ళు ఊరుకుంటారా.

"మీ ఆట కోసరం రెండు దినాలు మోసినాం గదమ్మా."

"ఆ సీసాలు తీసుకోని పొయ్యి ముత్తుకూరులో పెట్టుకోండి. అక్కడ కరెంటు ఫ్యాక్టరీ బూడిద గూడా ఉండాది, దానికీ పరీక్ష పెట్టచ్చు."

ఆమె తల వంచలేదు, ఎదురు చెప్పలేదు. అందరి మాటలూ అయిపోయేదాకా ఉండి, "వచ్చే మంగళవారం మళ్ళీ చూసి చెబుతాను" అన్నారు. నేను ఆమె వెనక ఉన్నాను. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆ రోజు తెలిసింది. తప్పు ఒప్పుకున్నవాళ్ళు పని మానేస్తారని నేను అనుకునేదాన్ని. తప్పు ఒప్పుకున్నాకే పని మొదలవుతుందని ఆమె దగ్గర చూశాను.

అప్పటినించీ ప్రతి సీసా రెండుసార్లు చూశాం. వెచ్చపెట్టక ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ముందే వెలిగితే అది సబ్బు లాంటిది, క్రిమి కాదు. ఆ ఏడు వానల్లో బడి కుళాయి మూడు మంగళవారాలు వరసగా వెలిగింది. ట్యాంకు వెలగలేదు, సాక్షి వెలగలేదు. తవ్వి చూస్తే మురుగుకాలవ పక్కన గొట్టం పగిలి ఉంది. పిచ్చి మేడమ్ అన్నవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చి ఏమీ అనలేదు. వాళ్ళ పిల్లలు మాత్రం ఆ కుళాయి నీళ్ళే తాగుతున్నారు, ఇప్పుడు బాగున్నాయి.

మేడమ్ పోయిన మూడో రోజు ఆమె పనిచేసిన ల్యాబు నించి ఒక సారు వచ్చారు. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నారట. మంచి మనిషే. మేడమ్ కుర్చీలో కూర్చోకుండా పక్క బల్ల మీద కూర్చున్నారు. ఆమె చివరి పనిని సైన్సు పత్రికకు రాసి పంపాలని పుస్తకాల కోసం వచ్చారు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు.

"ఇదేంటండీ, మా అత్త నడుము?"

"నేనే సార్ అది" అంది మా అత్త.

ఆయన నవ్వు ఆపుకున్నారు. తర్వాత నవ్వు లేదు. గీత కొట్టిన పేజీ దగ్గరికి వచ్చి రెండుసార్లు చదివారు. పుస్తకం మూసి నెమ్మదిగా చెప్పారు. మొదటి ఆరు నెలలూ మేడమ్ తన చేత్తో రాసినవి, వాటిని తీసుకుంటారు. మిగతావి కంటితో చూసినవి, చూసిన మనిషికి చదువు లేదు, పైగా ఒకసారి అబద్ధం రాసినట్టు ఆ మనిషే రాసింది. "ఇవి పెడితే మేడమ్ పేరే దెబ్బతింటుందమ్మా. అర్థం చేసుకోండి."

మొదటి ఆరు నెలల్లో ఉన్నవి ఎక్కువగా బోరు నీళ్ళు. కాలువ, రొయ్యల గుంటలు, సముద్రం, అంటే మేడమ్ ఏ నీళ్ళ కోసం వచ్చారో అవన్నీ నా రాతలో ఉన్నాయి. వాటిని తీసేస్తే ఆమె ఈ ఊరికి రానట్టే. మా అత్త నా వైపు చూసింది. ఎప్పుడూ నా బదులు తనే మాట్లాడేది, ఆ రోజు మాట్లాడలేదు.

"ఆ పేజీ చింపేద్దామని చూసినా సార్. మేడమ్ చింపనియ్యలేదు" అన్నాను. "చింపుంటే మీకు తెలిసేదే గాదు. అప్పుడు అన్నీ నమ్మేవాళ్ళు. అబద్ధం రాసినరోజు అబద్ధమని రాసినాను గాబట్టి మిగిలినవి నమ్మరా?"

ఆయన ఏదో అనబోయారు.

"నమ్మొద్దు సార్. చూడండి. నెల రోజులు మేడమ్ నన్ను చూసినట్టు మీరూ చూడండి. నంబర్లు కనపడకుండా సీసాలు పెట్టండి. తప్పు చెబితే అన్నీ పారేయండి, నేనే గీత కొట్టి ఇస్తాను."

ఆయన వెంట చిన్న మిషను ఉంది, వెలుగు ఎంతో అంకెల్లో చెబుతుంది. ఆ సాయంత్రమే రకరకాల నీళ్ళతో పన్నెండు సీసాలు తయారుచేసి, తనే వెచ్చపెట్టి, మర్నాడు నా ముందు పెట్టారు. నేను పెట్టె గుడ్డ తీయలేదు.

"వెచ్చపెట్టకముందు నాకు చూపించలేదు సార్. నేను చెప్పను."

"ఊరికే ఒకసారి చూసి చెప్పండమ్మా."

"ఊరికే చెప్పే పని గాదు సార్ ఇది."

మా అత్త నా జబ్బ గిల్లింది. ఆయన సీసాలు పారబోసి, మళ్ళీ తయారుచేశారు. మరో రోజు మైపాడులో ఉండిపోయారు. ఈసారి ముందూ చూశాను, తర్వాతా చూశాను. నేను చూస్తున్నప్పుడు ఆయన గోడవైపు తిరిగి కూర్చోవాలని చెప్పాను. కూర్చున్నారు. అయిదు వెలిగింది, ఆరు వెలగలేదు, ఒకటి చెప్పలేను. రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

ఆయన మిషను అంకెలు రాసుకున్న కాగితం తీసి పక్కన పెట్టుకున్నారు. పదకొండూ కలిశాయి. చెప్పలేను అన్నదాని దగ్గర, "ఇది వదిలేశారేంటి?" అన్నారు. ఆయనే ఆ సీసాను మిషనులో మళ్ళీ పెట్టారు, తీసి మళ్ళీ పెట్టారు. వెలిగినదాన్నీ వెలగనిదాన్నీ విడదీసే గీతకు ఒకసారి ఇవతల, ఒకసారి అవతల చూపించింది. మిషను మూసేసి, "మిషను కూడా చెప్పలేకపోతోందమ్మా" అన్నారు.

రీడింగులన్నీ పెడతానన్నారు. నా గురించి కింద స్థానిక సహాయకురాలు అని రాస్తానన్నారు. గౌరవంగానే అన్నారు. "సహాయం చేసింది మా అత్త సార్. చూసింది నేను" అన్నాను. "ఎవరు చూస్తే వాళ్ళ పేరు ఉండాలని మేడమ్ పద్ధతి. పేరు పెట్టండి, లేకపోతే ఆమె పద్ధతి పాటించలేదని రాయండి." ఆయన జేబులోంచి కలం తీసి, ఇంటిపేరుతో సహా ఎలా రాయాలో నన్నడిగి రాసుకున్నారు. పోయేటప్పుడు మిగిలిన పొడి తీసుకుపోలేదు. రాబోయే సోమవారం సంగతి కూడా పంపమన్నారు.

ఆ సోమవారమే మేడమ్ తమ్ముడు కుండతో వచ్చారు. అస్థికలు కాలువ సముద్రంలో కలిసే చోట కలపమని ఆమె చెప్పి ఉంచారట. అది మేము నీళ్ళు పట్టే చోట్లలో తొమ్మిదోది. ఊరివాళ్ళు చాలామంది వచ్చారు, కుళాయి దగ్గర తిట్టినవాళ్ళు కూడా వచ్చారు. ఆయన మోకాళ్ళ లోతులోకి దిగి కుండ వంచారు. బూడిద నీళ్ళమీద కాసేపు మడతలుగా తేలి విడిపోయింది.

అందరూ ఒడ్డుకు వచ్చాక నేను సీసా తీసుకొని దిగాను. "ఈ పొద్దు వద్దు మే" అని వెనకనించి ఎవరో అన్నారు. "ఇంకో చోట పట్టుకోరాదా" అని ఇంకొకరు. వినిపించింది. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, మోచేయి దాకా ముంచి పట్టాను. ఎండకు ఎత్తి చూశాను. సన్నటి బూడిద రేణువులు సీసాలో తిరుగుతూ, మెరుస్తూ, ఒకటొకటిగా అడుక్కి దిగుతున్నాయి. మూత బిగించి పదో చోటికి నడిచాను.